చల్లని సీమలో పరుగు



నేను నేడు చెప్పబోవు సంగతి విన్నచో మీలో కొందఱు నవ్వుకొందురేమో. అఱువదియైదేండ్లు నిండినవాడు, ముప్పది సంవత్సరములకు మించి పిల్లలకు శబ్దములును బాలవ్యాకరణమును వల్లె వేయించినవాడు, వేసవి సెలవులలో కొడుకుతోను కోడలితోను మనుమనితోను మదనపల్లె సీమకు పోయి, అచ్చట తెల్లవాఱుజామున పంచె బిగించి పరుగెత్తెనట! మా కోడలు మొదటి దినముననే, "మామయ్యగారూ, నలుగురు చూచిన ఏమనుకొందురు?" అన్నది. ఆమె మాటలో తప్పు లేదు. మన దేశమున పెద్దమనుష్యుడు నడచును; బండి నెక్కును; పల్లకి నెక్కును; పరుగు మాత్రము ఎత్తడు. వాని కొఱకు వేఱొకడు పరుగెత్తును. ఈ వేఱొకని చరిత్రయే నేడు నేను కొంత చెప్పదలచినది.

ఒక మాట వినుడు. మన తెలుగున 'పరువు' అను శబ్దమునకు గౌరవమను అర్థము కలదు. 'పరువిడుట' యనగా పరుగెత్తుట. ఒకే రూపమున రెండర్థములు. పరువిడినచో పరువు పోవునని మనవారు భావించుట ఎంత చిత్రము! మఱి అమరసింహుడేమి చేసెను? పిక్కల బలముచే జీవించు వార్తాహరునకు జాంఘికుడనియు, జంఘాకరికుడనియు పేళ్లు చెప్పినాడు. జంఘ యనగా పిక్క. ఈ మాటలను ఆయన శూద్రవర్గమున గాని వైశ్యవర్గమున గాని చేర్చలేదు; క్షత్రియవర్గమున, రథికులకును అశ్వసాదులకును చేరువగా కూర్చుండబెట్టినాడు. బాల్యమున గురువుగారి యెదుట ఈ భాగమును నేను తడబడక ఒప్పచెప్పితిని. అయినను దాని భావము నాకు తట్టుటకు యాబదియేండ్లు పట్టెను. ఎందుకు పట్టెనో ముందు చెప్పెదను.

మొదట సీమను గూర్చి. చిత్తూరునుండి పడమటికి మొగిలి కనుమ నెక్కి పలమనేరు చేరిన బాటసారికి గాలి మాఱినట్లు తోచును. అది భ్రమ కాదు. మైసూరు పీఠభూమి యొక్క తూర్పు అంచు అచ్చట మన తెలుగు నేలలోనికి చొచ్చుకొని వచ్చినది. మదనపల్లె, పుంగనూరు, కుప్పము మూడును ఆ అంచుమీది యూళ్లే. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన యెత్తున నున్నవి. వేయి అడుగులు పైకి పోయినకొలదిని వేడిమి సుమారు మూడున్నర ఫారెన్‌హీటు డిగ్రీలు తగ్గునని శాస్త్రజ్ఞులు లెక్క కట్టినారు. అనగా సముద్రతీరముకంటె ఈ యూళ్లు ఏడెనిమిది డిగ్రీలు చల్లన. పగలు ఎండ కాయును గాని, ప్రొద్దు క్రుంకినంతనే నేల చల్లబడును. కోడికూతవేళకు దుప్పటి కావలసివచ్చును. నేను ఉద్యోగము చేసినది పల్నాటిలో. రెంటచింతల యెండలను గూర్చి వార్తాపత్రికలు చదువువారికి నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. అచ్చట మేనెలలో రాత్రి రెండు జాములు గడచినను గోడలు సెగలు క్రక్కును. అట్టి చోటినుండి వచ్చినవానికి మదనపల్లెలో తెల్లవాఱుగాలి తగిలినప్పుడు కాళ్లు తమంతట తామే కదలుననిన అతిశయోక్తి కాదు.

ఈ చలువకై వచ్చినవాడను నేను మొదటివాడను గాను. మదనపల్లెకు అయిదాఱు కోసుల దూరమున, సముద్రమట్టమునకు నాలుగువేల అడుగులకు మించిన యెత్తుగల కొండ యొకటి కలదు. ప్రజలు దానిని ఏనుగుమల్లమ్మ కొండ యందురు. మల్లమ్మ యను నామె కొండమీద నివసించెననియు, ఏనుగులు ఆమెకు ఆహారము తెచ్చి పోషించెననియు, ఆమె జబ్బుచేసిన కొండవారికి మందిచ్చి కాపాడుచు ఒకనాడు మాయమయ్యెననియు ఐతిహ్యము. ఆమె గుడి నేటికిని ఉన్నది. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున కడప జిల్లా కలెక్టరగు హార్స్‌లీ దొర యెండలకు తాళలేక ఈ కొండమీద బంగళా కట్టించుకొనెను. (మదనపల్లె యప్పుడు కడప జిల్లాలోనిది, 1911 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరెను, 2022లో అన్నమయ్య జిల్లాలోనికి పోయెను.) నాటినుండి కొండ పేరు హార్స్‌లీ కొండ. మల్లమ్మను ఏనుగులు పోషించినవి. దొరను ఎవరు పోషించిరి? కథలో ఏనుగులున్నవి గాని చరిత్రలో మనుష్యులున్నారు.

ఇది ఈ యొక్క కొండ మాట కాదు. 1864లో కలకత్తా ప్రభుత్వము సిమ్లాను వేసవి రాజధానిగ చేసికొనెను. చెన్నపట్టణపు ప్రభుత్వము వేసవి రాగానే ఉదకమండలమునకు తరలిపోయెడిది. పెద్దలు ఏగినచోటికి కాగితములు రావలెను; కాగితములు తమంతట రావు. రైలు చేరనిచోట, బండిదారి లేనిచోట, కొండ మొదటినుండి కొస వఱకు ఒకడు సంచి భుజమున వేసికొని పరుగెత్తవలెను. దొర చల్లగాలిలో కూర్చుండి ఉత్తరము చదువుకొనుటకు వేఱొకని చెమట కారవలెను. పల్లకి మోసిన బోయీల పేళ్లు ఏ రాతమీదను లేవు; ఉత్తరము మోసినవాని పేరును లేదు; కొండకు పేరు మాత్రము దొరది నిలిచినది. దొరమీద నాకు ద్వేషము లేదు. ఆయన కొండ నెక్కియుండనిచో ఆ దారియు, ఆ నీలగిరి చెట్లును, మావంటివారికి విడిదియు ఏర్పడియుండెడివి కావేమో.

వార్తాహరుల పని మన దేశమున మిక్కిలి పురాతనము. కౌటిల్యుడు అర్థశాస్త్రమున దూతకు జీతము నిర్ణయించుచు, మధ్యముడగు దూతకు యోజనమునకు పది పణములని చెప్పి, పది యోజనములు దాటినచో నూఱు యోజనముల వఱకు రెట్టింపు ఈయవలెననెను. దూరము పెరిగినకొలదిని శ్రమ వరుసగా గాక మించి పెరుగునని ఆ మంత్రికి తెలియును. ఇట్టి లెక్క తెలిసిన యజమానులు నేడును అరుదు.

పదునాలుగవ శతాబ్దిలో మహమ్మదు బిన్ తుగ్లకు కొలువునకు వచ్చిన ఇబ్న్ బతూతా యను మొరాకో దేశపు బాటసారి తాను చూచిన అంచెలను వర్ణించినాడు. మైలును మూడు భాగములు చేసి, భాగమున కొకచోట నడుము కట్టుకొని సిద్ధముగ కూర్చున్న మనుష్యులుందురట. ఒక్కొక్కని చేత రెండు మూరల కోల. దాని కొసను రాగి గంటలు. ఒక చేత లేఖ, మఱియొక చేత కోల పట్టి గంటలు మ్రోయించుచు పరుగెత్తివచ్చును. ఆ చప్పుడు దూరమునుండి విని రెండవవాడు లేచి నిలుచును. చేతిలోనిది అందుకొని తాను పరువిడును. గుఱ్ఱపు టపాకంటె ఈ కాలి టపాయే వేగమైనదని ఆయన వ్రాసినాడు. ఖురాసాను పండ్లు సుల్తానునకు ఈ విధముననే వచ్చెడివట. సుల్తాను దౌలతాబాదున నున్నప్పుడు ఆయన త్రాగుటకు గంగాజలము సయితము ఇట్లే మోయబడెనట. అది నలువది దినముల ప్రయాణపు దూరము. నీళ్ల కుండతో పరుగెత్తుట యెట్టిదో మన యిండ్లలో బావినుండి బిందె మోసిన ఆడువారిని అడిగిన చెప్పుదురు.

మన సీమకు దగ్గఱనున్నది మైసూరు. పదునేడవ శతాబ్ది చివరి పాదమున చిక్కదేవరాయ ఒడయరు తన రాజ్యమున 'అంచె' యను పేర టపా ఏర్పాటు చేసెను. ఆ అంచెవారు ఉత్తరములు మోయుటయే గాక, దారిలో చూచినదియు విన్నదియు రాజునకు రహస్యముగ తెలుపవలెననియు కట్టడి యుండెను. ఇరుగుపొరుగు పాలెగాండ్రు అంచెవానిని చూచి కొంచెము వెఱచుటలో వింత లేదు. ఈ అంచె రెండు శతాబ్దులు సాగి 1889లో ఇంగ్లీషువారి తపాలాలో కలసిపోయెను. పేరు మాత్రము మన నోట మిగిలినది: ఇప్పటికిని మనము 'అంచెలంచెలుగా' అందుము. ఆ మాట పలికినప్పుడెల్ల మనము ఎఱుగకయే ఒక కాలిబాటను, దానిమీద చేతులు మార్చుకొను ఇద్దఱు మనుష్యులను తలచుచున్నాము. ఇంగ్లీషువారి యేలుబడిలో 1774లో వారన్ హేస్టింగ్సు సామాన్యులు సయితము రుసుము చెల్లించి ఉత్తరములు పంపుకొనునట్లు చేసినప్పటినుండి, ఈ పరుగువాడు రాజుగారి మనిషిగా నుండుట మాని అందఱి మనిషి అయ్యెను. అతని చేతి కోలకు బల్లెపు మొన ఒకటి, దొంగలకును మృగములకును. గజ్జెలు కొన్ని, పాములును చిఱుతలును తొలగిపోవుటకును, ఊరివారు దారి యిచ్చుటకును.

ఇంతవఱకు పుస్తకములలోని మాట. ఇక నా యింటి మాట.

మా తాతగారు అట్టి పరుగువాడు. పుంగనూరునుండి బండి పోని పల్లెలకు టపా సంచి మోసినాడు. పుంగనూరునకు రైలు లేదు. ధర్మవరము - పాకాల రైలు మదనపల్లె పేర ఒక స్టేషను పెట్టినదే గాని అదియు పట్టణమునకు దూరముననే. అందుచేత ఆ ప్రాంతమున కాలి టపా చాలకాలము నిలిచినది. నేను పుట్టునప్పటికి ఆయన పని మానియుండెను. నేనెఱిగిన తాతగారు వసారాలో కుక్కిమంచముమీద కూర్చుండి రాగి అంబలి త్రాగు ముసలివాడు. పిక్కలు మాత్రము ఎండిన కొయ్యవలె గట్టిగ నుండెడివి. మా యవ్వ ఆయన గజ్జెలకోలను తలుపువెనుక చేరవేసి యుంచినది.

నేను ఒక సంస్కృత పాఠశాలలో చేరితిని. తోడి విద్యార్థులలో పెక్కురు శాస్త్రులవారి కొడుకులు, అవధానులవారి మనుమలు. "మీ తాతగారు ఏమి చేసెడివారు?" అని ఒకడు అడిగెను. "తపాలాశాఖలో ఉద్యోగము" అంటిని. అబద్ధము కాదు, నిజమును కాదు. ఇంకొకడు ఎట్లో తెలిసికొని 'హర్కారా మనుమడు' అని పేరుపెట్టెను. నేను ఆ పేరునకు కుమిలితిని. తాతగారు ఒకసారి నన్ను చూడవచ్చి, పాఠశాల గుమ్మముకడ చెప్పులు చేతబట్టుకొని నిలిచియుండగా, నేను వెంటనే పోక, ఎవరును లేనివేళ చూచి పోతిని. ఆయనకు తెలిసెనో లేదో నాకు తెలియదు. బెల్లపు అచ్చు ఒకటి చేతబెట్టి వెడలిపోయెను. ఆ సంవత్సరముననే నేను అమరమున క్షత్రియవర్గము వల్లించితిని; జాంఘిక శబ్దమును తప్పులేకుండ ఒప్పచెప్పి గురువుగారిచేత మెప్పు పొందితిని. గుమ్మముకడ నిలిచినవాడే జాంఘికుడని నాకు తోచలేదు. చదువు మనస్సున దిగక పెదవులయందే నిలుచుట యనిన ఇదియే.

తాతగారు చెప్పిన మాటలు కొన్ని నాకు జ్ఞాపకమున్నవి. "పొద్దు నెత్తికెక్కినాక పరిగెత్తేవోడు యెర్రోడురా. చల్లపూటే సగం దావ గడిసిపోవల్ల" అనెడివాడు. మిట్ట యెక్కునప్పుడు నడువవలెను, పల్లమున అడుగు కుఱుచ చేయవలెను. దప్పిక అయినచో చెంబెడు నీళ్లు ఒక్కసారి త్రాగరాదు, ఉప్పు కలిపిన మజ్జిగ రెండు గ్రుక్కలు చాలును. మాటలాడుటకు ఊపిరి చాలకున్నచో వేగము ఎక్కువైనదని యెఱుగవలెను. ఇవి ఆయన ఏ వైద్యునియొద్దను నేర్చినవి కావు. నేటి వ్యాయామశాస్త్రము ఈ మాటలనే యంత్రములతో కొలిచి చెప్పుచున్నది. పరుగెత్తు దేహము వ్యయపఱచు శక్తిలో నాలుగవ పాలు గాని అంతకు తక్కువ గాని కదలికకు పోవును, మిగిలినదంతయు వేడియే. ఆ వేడిని చెమట ఆఱుటవలన బయటికి పంపవలెను. గాలి వేడెక్కి యున్నప్పుడు రక్తము ఒకవంక కండలకును మఱియొకవంక చర్మమునకును పంచబడవలసివచ్చి గుండె రెండు పనులు చేయును. గాలి చల్లగ నున్నచో ఆ బరువు తగ్గును. అందుచేతనే చలిలో పరుగు తేలికగ తోచును. అది మనస్సు కల్పించిన ఉల్లాసము మాత్రమే కాదు.

ఈ సూత్రమును లెక్కచేయనిచోట ప్రాణములే పోయినవి. క్రీస్తునకు పూర్వము 490లో మారథాను యుద్ధవిజయమును ఏథెన్సునకు తెచ్చిన వార్తాహరుడు వార్త చెప్పి కూలెనను గాథ యొకటి గ్రీకులలో కలదు. ఆ గాథను పురస్కరించుకొని 1896లో ఏథెన్సున దూరపు పరుగుపందెము పెట్టిరి. చూడుడు, ఇచ్చటను మొదటివాడు హర్కారాయే. ఆటగాండ్లు తరువాత వచ్చినవారు. 1912 జూలైలో స్వీడను రాజధాని స్టాక్‌హోములో ఆ పందెము మండుటెండలో జరిగెను. ఫ్రాంసిస్కో లాజరో అను పోర్చుగీసు యువకుడు, వృత్తిచేత వడ్రంగి, దారిలో ఎండదెబ్బకు కూలి మఱునాడు మరణించెను. ఎండ తగులకుండ దేహమునకు కొవ్వు పూసికొనెననియు, దానిచే చెమట పోవుట ఆగెననియు చెప్పుదురు. చలి దేశమున జరిగినదిది. మా తాతగారు ఆ యువకుని తండ్రియై యుండినచో ఆ పూత పూయనిచ్చెడివాడు కాడు. 1920లో ఆంట్వెర్పు పందెమునకు మన దేశమునుండి పోయిన ఫడెప్ప చౌగులే పందొమ్మిదవవాడుగ చేరెను. అది మనవారు ఆ ఆటలకు జట్టుగ పోయిన మొదటి యేడు.

మఱి నా పరుగునకు రండు. మేము హార్స్‌లీ కొండమీద నాలుగు రాత్రులుంటిమి. మనుమడు పండ్రెండేండ్లవాడు, హైదరాబాదులో తన బడి పరుగుపందెములలో పాల్గొనువాడు. మొదటి యుదయమున నన్ను లేపినవాడు వాడే. నేను ఊరినుండి బయలుదేరుటకు ముందే వైద్యుని అడిగితిని. ఆయన గుండె పరీక్షించి, "మెల్లగ పరుగెత్తుడు, ఎవరితోను పందెము వేయకుడు" అనెను. పంచెను గోచిపోసి, కాన్వాసు చెప్పులు వేసికొని బయలుదేరితిని. మంచు రోడ్డుమీద పాఱాడుచుండెను. పది బారల దూరమున చెట్టు కానరాదు. నీలగిరి ఆకుల వాసన ముక్కుపుటములను విప్పినట్లుండెను. మొదటి రెండు వందల అడుగులలో మోకాళ్లు మొఱపెట్టినవి, తరువాత ఊరకున్నవి. తరువాత ఏమయ్యెనో చెప్పుట కష్టము. ఊపిరియు అడుగును జోడు ఎడ్లవలె కలసి నడచినవి. పల్నాటిలో ఏండ్ల తరబడి ఉదయమున పదడుగులు వేగముగ వేసినచో తల తిరిగెడిది. ఇచ్చట అర మైలు పరుగెత్తియు మనుమనితో మాటలాడగలిగితిని. తాతగారి కొలతబద్ద ప్రకారము నా వేగము తగినదే.

మలుపుకడ టీకొట్టుముందు కంబళి కప్పుకొని కూర్చున్న పెద్దాయన ఒకడు నన్ను చూచి, "ఏమయ్యవారూ, ఎవురన్నా తరుముతా ఉండారా?" అని అడిగెను. మనుమడు పకపక నవ్వెను. నేను ఆగి, తరుమువారెవరును లేరంటిని. "మఱెందుకు ఈ తిప్పలు? ఈ వయసులో?" అనెను. వయస్సు మాట వచ్చినది గనుక నేను ఫౌజా సింగు కథ చెప్పితిని. పంజాబునందు పుట్టి ఇంగ్లండున స్థిరపడిన ఆ రైతు, ఎనుబదియేండ్లు దాటిన పిదప పరుగునకు దిగి, పాసుపోర్టు లెక్క ప్రకారము నూఱేండ్ల ప్రాయమున 2011లో టొరాంటో నగరమున ఇరువదియాఱు మైళ్లకు మించిన మారథాను దూరమును పూర్తిచేసెను. అతని పాసుపోర్టులోని జన్మదినము 1911 ఏప్రిల్ 1. మన చిత్తూరు జిల్లా పుట్టినదియు ఆనాడే. 2025 జూలైలో స్వగ్రామముననే రోడ్డు దాటుచు వాహనము తగిలి పోయినాడు. పెద్దాయన అంతయు విని, "అంటే పరుగు చంపలేదు, కారు చంపింది" అనెను. నా ఉపన్యాసమంతటికి ఆ యొక్క వాక్యమే సారమయ్యెను. ఆయన మాకు టీ ఇప్పించెను గాని డబ్బు పుచ్చుకొననీయలేదు.

ఆ చలువగాలికి వేఱొక చరిత్రయు కలదని, తిరుగుదారిలో మదనపల్లె చేరువనున్న ఆరోగ్యవరము ముందుగ పోవుచు మనుమనికి చెప్పితిని. క్షయకు మందు లేని కాలమది. 1915లో క్రైస్తవ మిషనులు కలసి అచ్చట క్షయరోగుల ఆశ్రమము నెలకొల్పిరి. డేన్మార్కు దేశపు వైద్యుడు ఫ్రిమోట్ మోలరు దానికి మొదటి యధికారి. శుభ్రమైన గాలి, విశ్రాంతి, మంచి ఆహారము - ఆనాటి చికిత్స ప్రధానముగ ఇంతే. స్ట్రెప్టోమైసిన్ మందును కనుగొన్నది 1943లో. అంతకు ముందు దూరదేశములనుండి తల్లిదండ్రులు బిడ్డలను తెచ్చి ఈ గాలికి అప్పగించి పోయెడివారు. నాలుగడుగులు వేసిన ఆయాసపడువారు ఏ గాలికై మంచముమీద పడి కాచుకొనిరో, ఆ గాలిని మేము ఉబుసుపోకకు పీల్చి పరుగెత్తుచున్నాము. నాకు కొంత సిగ్గు తోచెను. మనుమడు మాత్రము, "తాతా, వాళ్లు కోలుకొని పరుగెత్తినారా?" అని అడిగెను. కొందఱు కోలుకొనిరంటిని. వాడికి అది చాలును. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె బిసెంటు కళాశాలలో కొన్ని దినములుండి జనగణమనకు ఇంగ్లీషు అనువాదము వ్రాసిన సంగతి అందఱును ఎఱిగినదే కావున దానిని విస్తరింపను.

పుంగనూరున రెండు దినములుంటిమి. ఆ యూరి పేరుగల పొట్టి ఆవు ఇప్పుడు లోకప్రసిద్ధము. మనిషి నడుమునకు రాని ఆవును చూచి మా కోడలు దూడ యనుకొన్నది. మా పాత యింటిలో దాయాదులున్నారు. గజ్జెలకోల యేమయినదని అడిగితిని. కోల చెదలు పట్టి పోయినదట. గజ్జెలు మాత్రము మా యవ్వ వక్కల డబ్బాలో దొరకినవి. అయిదు మిగిలినవి. వాటిని చేతబట్టుకొని ఆ రాత్రి నేను కొడుకునకును కోడలికిని పాఠశాల గుమ్మపు కథ చెప్పితిని. ఇన్నేండ్లు మా యింటిలోనే చెప్పని కథ. కోడలు కొంతసేపు మాటలాడలేదు. మఱునాడు తెల్లవాఱుజామున నాకంటె ముందు లేచి, ఉప్పు కలిపిన మజ్జిగ చెంబు గడపమీద ఉంచినది.

అచ్చటినుండి పలమనేరు మీదుగ కుప్పము పోయితిమి. కుప్పము పూర్వము కంగుంది జమీనులోనిది. ఒకవంక తమిళము, మఱియొకవంక కన్నడము, నడుమ మన తెలుగు. చెన్నపట్టణపు రైలు 1864లో ఈ దారినే బెంగుళూరు చేరెను. ఆ సంవత్సరముననే సిమ్లా వేసవి రాజధాని అయినదని ముందు చెప్పితిని. ఇనుపదారి పడినచోట పరుగువాడు ఒక్కనాటిలో పాతబడెను. స్టేషనునుండి లోపలి పల్లెలకు మాత్రము మఱి నూఱేండ్లు వానికి పని దప్పలేదు. స్టేషను ప్రక్కనున్న మట్టిబాటమీద మనుమడును నేనును బయలుదేరితిమి. వాడు ఆ అయిదు గజ్జెలను దారమునకు గ్రుచ్చి ఒక వెదురుకఱ్ఱ కొసను కట్టియుండెను. ఇంకను మసక విడలేదు. నాకు ముందు ఏబది గజముల దూరమున వాడు పరుగెత్తుచుండగా గజ్జెల చప్పుడు మాత్రము వినవచ్చుచుండెను. బాటప్రక్కన పాలకేనులతో సైకిలుమీద వచ్చుచున్న మనిషి ఆ చప్పుడు విని, ఎందుకో తెలియకయే, దిగి ప్రక్కకు తొలగి మాకు దారి యిచ్చెను.